పాట పెంచిన చెయ్యి

ఇన్‌స్పెక్టరుగారు భోజనం చేస్తున్నారు, చెయ్యి కడుక్కున్నాక పిలుస్తారు, అందాకా కదలకుండా కూర్చో అన్నారు గనక మాయాండి కూర్చున్నాడు. కదలకుండా ఉండడం మాత్రం అతని చేతిలో లేదు, స్టేషన్ వసారాలో ఆ బల్లకి మూడు కాళ్ళే నేలకి ఆనుతున్నాయి, నాలుగోది గాల్లో ఉంది, ఊపిరి పీల్చినా టక్కుమంటుంది, వదిలినా టక్కుమంటుంది. హత్యకేసుదీ అదే అవస్థ. దాని మూడు కాళ్ళు లాకప్పులో ఉన్నాయి, ఇటికబట్టీ సోలైరాజా తమ్ముడు చిన్నమరుదు, వాడి వెనకాల తిరిగే ఇద్దరు. నాలుగోది కూడా దొరికితే కేసు గట్టిగా నిలబడుతుందని రైటరు ఎవరికో ఫోనులో చెబుతుంటే పొద్దున చెవిన పడింది. ఆ నాలుగో కాలు నాదేనా, కాలం కలిసిరానివాడి కాళ్ళు వాటంతటవే కేసులోకి నడుస్తాయా. ముద్దాయి అనే మాటలో ముద్ద ఉంది గాని పొద్దుట్నుంచీ అతని నోట్లోకి ఒక్క ముద్దా పోలేదు. లోపల్నుంచి వేయించిన నెత్తళ్ళ చేపల వాసన మాత్రం వస్తోంది. భయమేస్తే మాటలతో గారడీ చెయ్యడం అతనికి చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు, మైకు పట్టుకుని ఊరూరా పందిళ్ళలో జనాన్ని నవ్వించిన జబ్బు, "మైకు దొరికితే ఈ మనిషికి మైకం" అని పెళ్ళాం పేచ్చియమ్మ తిట్టే జబ్బు. ఇవాళా మాటలు పుడుతూనే ఉన్నాయి, గంప కింద కోడిపిల్లల్లా ఒకదాన్నొకటి తొక్కుకుంటూ. నవ్వే రావడం లేదు.

ఆవరణలో తుప్పుపట్టిన మోటారుసైకిళ్ళ పక్కన అతని మైకుసెట్టు పడి ఉంది. ఆంప్లిఫయరుకి గోనెసంచి చుట్టి లక్కముద్ర వేశారు, రెండు గొట్టం స్పీకర్లకి పురికొసతో చీటీలు కట్టారు, తిరునాళ్ళలో తప్పిపోకుండా పిల్లల మెడలో కట్టినట్టు. వెట్రి సౌండ్ సర్వీస్ అని గొట్టం మీద ఎర్రరంగుతో రాయించింది అతనే. వెట్రి అంటే గెలుపు, ఇక్కణ్ణుంచి చూస్తే ఆ ఎండలో వెర్రి అని కనపడుతోంది. రాత్రి కురిసిన జల్లుకి గొట్టంలో నీళ్ళు నిలిచి ఉంటాయి, లోపలి డయాఫ్రం పాడైపోతుంది, ఎవరైనా కాస్త బోర్లించకూడదా, బోర్లించమని ఎవర్ని అడుగుతాడు, అడిగితే వస్తుసాక్ష్యాన్ని తారుమారు చేశాడని ఇంకో సెక్షను రాస్తారు. వస్తువు సాక్షి అని తేలిపోయింది. వస్తువుగలవాడు సాక్షో ముద్దాయో తేలాలి. ఇన్‌స్పెక్టరుగారు చెయ్యి కడుక్కోవాలి, అప్పుడు తేలుతుంది, వాళ్ళు చేతులు కడుక్కున్నాకనే కదా ఎవరికైనా ఏదైనా తేలేది.

ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఎంతసేపు. సోలైరాజా కొడుక్కి చెవులు కుట్టే పండగ, కులదైవం కరుప్పసామి తోపులో. పిల్లాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. మేనమామ పాండీశ్వరన్, సోలైరాజా భార్య అళగుమీనాకి ఒక్కగానొక్క తమ్ముడు, సారె పళ్ళేలతో, మేళంతో, బాణసంచాతో దిగాడు, పిల్లాడు ఏడుస్తుంటే తనే కళ్ళు మూసుకున్నాడు, జనం నవ్వారు, "చెవులు ఎవరికి కుడుతున్నారయ్యా, అల్లుడికా మామకా" అని మాయాండి మైకులో అంటే ఇంకా నవ్వారు. ఆ తర్వాత వేటమాంసం వడ్డన మొదలైంది. వంటపొయ్యిల వెనక కట్టెల మోపుల దగ్గర చిన్నమరుదు మాంసం కొట్టే కత్తితో పాండీశ్వరన్‌ని పొడిచి చంపాడు, మిగతా ఇద్దరూ పట్టుకున్నారు. కాలవ నీళ్ళ తగాదా, పాతది. తోపులో అంతమంది జనంలో ఒక్కరికీ కేక వినపడలేదు. పాట మోగుతోంది గనక. సరిగ్గా అప్పుడే పాట పెరిగింది గనక. మాయాండి పెంచాడు గనక.

పెంచాడు, అవును, పెంచుతాడు, పెంచకపోతే సెట్టువాడెందుకవుతాడు. మదురైకి ఈ వైపున గొడవ లేకుండా లేచిన పంక్తి ఎవరు చూశారు, మేనమామకి ఇవ్వాల్సిన మొదటి తాంబూలం ఇంకెవరికో ఇచ్చారని, ఎముకల్లేని ముక్కలన్నీ అవతలి బంతికే పోయాయని, పిలుపు నోటితో పిలిచారు గాని మనసుతో పిలవలేదని, ఏదో ఒకటి, నాలుగు గ్లాసులు పడ్డాక పాతికేళ్ళనాటి మాట కూడా పచ్చిగా లేస్తుంది. అతనికి పిల్లనీ పనినీ ఇచ్చిన మామగారు సెట్టు అప్పగించిన రోజున వైర్లు కలపడం కంటే ముందు నేర్పింది అదే. "అల్లుడూ, పందిట్లో రెండు గొంతులు లేస్తే మూడో గొంతు మనదే. చెయ్యి వాల్యూం మీదికి పోవాలి. తల మాత్రం తిరక్కూడదు. సెట్టువాడు తల తిప్పితే పందిరంతా తిప్పుతుంది." పరువు బరువు మోసేది గృహస్థు కాదు, సెట్టువాడు. ఒక సీమంతంలో ఆడపడుచులిద్దరు జుట్టూ జుట్టూ పట్టుకుంటే మాయాండి అమ్మవారి పాట చెట్ల మీది కాకులు లేచిపోయేంత గట్టిగా వేశాడు, జుట్లు ఊడాయి గాని గుట్టు ఊడలేదు, మర్నాడు ఆ ఇంటి పెద్దాయన కొత్త పంచె పంపించాడు. ఇంకో చోట వియ్యంకుడు పెళ్ళికొడుకు తండ్రిని చెప్పుతో కొట్టాడు, పంక్తిలో ఎవరికీ తెలీదు, పాయసం రెండోసారి వడ్డించారు. ఎవరూ చెప్పరు, చెప్పనక్కర్లేదు, వంటవాడికి ఉప్పెప్పుడెయ్యాలో ఎవరైనా చెబుతారా. ఇన్నేళ్ళూ ఎన్ని కేకల మీద ఎన్ని పాటలు పరిచాడో, వాటిలో ఎన్ని ఉత్త తాగుడు కేకలో, ఎన్ని కావో. ఆ ఆలోచన మాత్రం వద్దు, అటు పోకు మాయాండీ, అటు నుయ్యి.

పోలీసుల వైర్‌లెస్ సెట్టు లోపల గరగరమంటోంది, ఎర్తు సరిగా లేదు దానికి, చెప్పకు, నోరు మూసుకో.

పండగ రోజూ అంతే. వంటపొయ్యిల దగ్గర కట్టిన తడికకి ఇవతల అతని బల్ల. అవతల గొంతులు. ఒకటి చిన్నమరుదుది, తాగిన గొంతు, రెండోది ఎవరిదో తెలియలేదు, తెలియలేదనే అనుకుంటూ ఉండేవాడు ఈ రెండు రోజులూ, ఇప్పుడు ఈ బల్ల మీద టక్కుటక్కుమంటూ కూర్చుంటే అబద్ధం కూడా నిలకడగా కూర్చోవడం లేదు. తెలిసింది. చరణానికీ పల్లవికీ మధ్య పాడేవాడు ఊపిరి తీసుకునే సందులో "అక్కా" అని వినపడింది. పాండీశ్వరన్ గొంతు. ఎదురుగా అళగుమీనా, కొత్త పట్టుచీర కొంగు నడుముకి దోపి, వరసల మధ్య వంగి వంగి "ఇంకో ముక్క వేయించుకో పిన్నీ" అంటోంది. ఈ కుర్రాడూ తాగాడన్నమాట, బావగారి తమ్ముడితో గొడవకి దిగి అక్కని తీర్పుకి పిలుస్తున్నాడన్నమాట, కొడుకు పండగనాడు ఈ తల్లి పుట్టింటివాళ్ళ వల్ల అందరి ముందూ తల దించుకోవాలా, అని మాయాండి అనుకున్నాడు. అనుకున్నాడా? అనుకోవడానికి వ్యవధేదీ. చెయ్యే అనుకుంది. చెయ్యి వెళ్ళి వాల్యూం తిప్పింది. తల తిరగలేదు. మామగారు చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

అది వీడియోలో ఉంది. పండగ వీడియో తీసేవాడు వడ్డన తీస్తూ తీస్తూ కెమెరాని సెట్టు వైపు తిప్పాడు. మాయాండి చెయ్యి వాల్యూం మీద, మొహం నిండా నవ్వు. కెమెరా తిరిగితే నవ్వుతాడు, ఎవరు నవ్వరు. ఇన్‌స్పెక్టరుగారు ఆ బొమ్మని ఆపి, వేలితో పెద్దది చేసి, పొద్దున చూపించారు. నవ్వు పెద్దదయింది. నవ్వులపాలవడమంటే విన్నాడు గాని నవ్వు వల్ల జైలుపాలవడం ఇప్పుడే వింటున్నాడు.

"ఎవర్ని చూసి నవ్వుతున్నావు మైకుసెట్టూ?"

"కెమెరానండి."

"కెమెరా పక్కన?"

"పక్కనెవరూ లేరండయ్యా."

"నీ చెయ్యి కత్తి పట్టలేదు, ఒప్పుకుంటా. కానీ కత్తికి పాట కట్టింది నువ్వే కదా. ఎవరో చెయ్యి ఊపారు, నువ్వు పెంచావు. ఊపింది సోలైరాజా. ఔనా? ఆ ఒక్క ముక్కా చెప్పి సంతకం పెట్టు, సాక్షివి, ఇంటికెళ్ళి పడుకో. ఎవరూ చెప్పకుండానే పెంచానంటావా, అంటే సంగతి నీకు ముందే తెలుసన్నమాట. సాయంత్రం మేజిస్ట్రేటు దగ్గరికి పోతున్నాం. సాక్షిగా వస్తావో సంకెళ్ళతో వస్తావో నువ్వే ఆలోచించుకో. నేను భోంచేసి వస్తా."

తాగినవాడు ఆవేశంలో పొడిచాడంటే అది పేపర్లో ఒక మూల వార్త. అన్న పండగ పేరు పెట్టి బావమరిదిని పిలిపించి, తమ్ముడి చేత పొడిపించి, పాట పెంచమని సైగ చేశాడంటే ఫోటోలతో పేజీ. ఆ పేజీకి ఇప్పుడు మాయాండి తల ఒక్కటే తక్కువైంది, ఊపితే చాలు, నిలువుగా. ఊపొచ్చు కదా. సోలైరాజా తనకేమవుతాడు, అన్నా తమ్ముడా, నాలుగు పండగలకి పిలిచిన ఇటికబట్టీ యజమాని, అంతే. నిజంగానే చేయించాడేమో, ఎవరికి తెలుసు, ఆ తోపులో ఎవరి లోపల ఏముందో మాయాండికేం తెలుసు. తెలిసింది ఒక్కటే: సోలైరాజా చెయ్యి ఊపలేదు. అప్పుడాయన కొడుకుని భుజం మీద వేసుకుని, కొత్తగా కుట్టిన చెవులకి పసుపునూనె రాస్తూ, తోపుకి అటు చివర వేపచెట్టు కింద ఉన్నాడు. అది మాయాండి చూశాడు. చూడకపోయి ఉంటే ఎంత బాగుండేది. వినకపోయి ఉంటే ఇంకా బాగుండేది. చూపూ వినికిడీ లేని సెట్టువాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి దణ్ణం.

మాయాండి తరపు వకీలమ్మ కయల్‌విళి వేరే అబద్ధం ఇచ్చింది. పొద్దున స్టేషన్ గేటు దగ్గర, నల్లకోటు చంకలో పెట్టుకుని, స్కూటరు దిగకుండానే మాట్లాడింది.

"పాట పెంచడం నేరం కాదు మాయాండన్నా. తెలిసి పెంచడం నేరం. మీకేమైనా వినపడిందా?"

"అంటే, కొంచెం..."

"వినపడలేదు."

"సందులో ఒక్క మాట..."

"అన్నా, కొంచెం విన్నానంటే కొంచెం శిక్ష వెయ్యరు. మొత్తం వేస్తారు. పొడిచినవాడికెంతో పక్కన ఉండి సాయం చేసినవాడికీ అంతే. ఉమ్మడి ఉద్దేశం అంటారు దాన్ని. పాత పుస్తకంలో ముప్పై నాలుగు, కొత్త పుస్తకంలో నంబరు మార్చారు, శిక్ష మార్చలేదు. మీకు వినపడలేదు, పాటలో తక్కువనిపించి పెంచారు. అంతే."

"పోలీసాయన ఒప్పుకోడమ్మా."

"ఆయన ఒప్పుకోకపోతే ఏం, ఆయనకి చెప్పింది కోర్టులో ఎలాగూ చెల్లదు. బయటివాళ్ళకి చెప్పిందే చెల్లుతుంది. టీకొట్టు దగ్గర నోరు జారారా, అది సాక్ష్యం. పోయినవాళ్ళ మనుషుల ముందు నోరు జారారా, ఇక నేను రానక్కర్లేదు. కోర్టులో పని చూసుకొస్తా, అందాకా నోటికి తాళం వెయ్యండి."

తాళం వెయ్యమంటే అతనికి తెలిసిన తాళం పాటకి వేసేదే. ఉమ్మడి ఉద్దేశం. ఉమ్మడి కుటుంబాలు ఎప్పుడో విడిపోయాయి, పొయ్యిలు వేరయ్యాయి, బావులు వేరయ్యాయి, ఉద్దేశాలు మాత్రం ఇంకా ఉమ్మడిగా ఉన్నాయట, అందులో తనకీ వాటా ఉందట, కత్తిలో వాటా, రక్తంలో వాటా, చిన్నమరుదు పక్కన పంక్తిలో కూర్చుని శిక్ష వడ్డించుకోవాలట. చిన్నమరుదుతో జన్మలో రెండు మాటలు మాట్లాడలేదే. తోడుదొంగ అనడానికైనా తోడుండాలి కదా. తడికకి అవతల ఏముందో తెలియనివాడు తోడెలా అవుతాడు. తెలియదా? మళ్ళీ అక్కడికే. వినపడింది తెలియడం కాదా. వినపడ్డాక పెంచడం... ఒక్కసారి తల తిప్పి ఉంటే. తడిక సందులోంచి ఒక్క చూపు. పాట ఆపేసి ఉంటే. పాట హఠాత్తుగా ఆగితే పందిరంతా ఉలిక్కిపడుతుంది, వడ్డించేవాడి గరిటె గాల్లో ఆగుతుంది, ఆ నిశ్శబ్దంలో రెండో కేక జనమందరికీ వినపడేది, పదిమంది పరిగెత్తేవాళ్ళు, ఆ కుర్రాడు ఆస్పత్రిలో పడుకుని నెల్లాళ్ళకి లేచేవాడు. ఇన్నేళ్ళ వృత్తిలో పండగ మధ్యలో ఒక్కసారీ పాట ఆపలేదు మాయాండి. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిపాడు. అది గొప్పగా చెప్పుకునేవాడు.

పేచ్చియమ్మ రాత్రి ఏడవలేదు, తిట్టింది. "ఊరందరికీ వినిపిస్తావు, పెళ్ళాం చెప్పింది ఒక్కటి వినవు. ఆ సోలైరాజా పేరు చెప్పి రా. వాళ్ళు పెద్దోళ్ళు, వకీళ్ళని పెట్టుకుంటారు, బయటపడతారు. మనం పడితే లేచేదెక్కడ? నీకు జైల్లో ఆ మోకాళ్ళకి తైలం ఎవడు రాస్తాడు?" తైలం సంగతి వచ్చేసరికి దాని తిట్టు సగంలో ఆగింది. నిజమే పేచ్చీ. నువ్వు చెప్పిందే నిజం. చెప్పేస్తా. సోలైరాజా చెయ్యి ఊపాడు, కుడిచెయ్యి, ఇలా. చెప్పడం ఎంతసేపు, ఎన్ని పందిళ్ళలో ఎన్ని లేనిపోని గొప్పలు చదవలేదు మైకులో, దానకర్ణుడు, ధర్మప్రభువు, ఊరికి వెలుగు. అవన్నీ నోటితో అన్నవే, ఇదీ అంతే. లోపల కంచం చప్పుడు. మజ్జిగన్నంలోకి వచ్చినట్టున్నారు. దేవుడా, ఆయన ఇంకాస్త అన్నం పెట్టించుకోవాలి, కరుప్పసామీ, ఇంకో గరిటెడు.

అప్పుడు పక్కగది తలుపు తెరుచుకుని అళగుమీనా బయటికి వచ్చింది. వాంగ్మూలం రాయించుకున్నట్టున్నారు, బొటనవేలికి నీలం సిరా. రెండు రోజుల్లో మనిషి సగమైంది. పట్టుచీర కట్టిన మనిషీ ఈమే అంటే ఎవరూ నమ్మరు. ఆమెతో వచ్చిన ఆడపోలీసు గుమ్మానికి ఆనుకుని సెల్లు చూసుకుంటోంది. మాయాండి లేచి నిలబడ్డాడు, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"అన్నా."

"మాట్లాడకూడదమ్మా. వకీలమ్మ వద్దంది. ముఖ్యంగా మీతో."

"నేను కేసు సంగతి అడగట్లేదన్నా. నా కాపురం సంగతి అడుగుతున్నా." గొంతు బొంగురుపోయి, గాలే ఎక్కువ వస్తోంది. "మా ఆయనే చేయించాడంటున్నారు లోపల. పాట పెంచమని నీకు సైగ చేశాడంట. నువ్వు చెప్పావంటున్నారు."

"నేనింకా ఏం చెప్పలేదమ్మా."

"ఇప్పుడు చెప్పు. ఇంటికెళ్ళి ఆ మనిషికి అన్నం వడ్డించాలన్నా నేను. ఆ మనిషి పక్కన పడుకోవాలి. ఆ చేత్తో నా కొడుకుని ఎత్తుకుంటాడు. నా తమ్ముణ్ణి చంపించిన చెయ్యో కాదో నీకొక్కడికే తెలుసు. నాకు చెప్పు. కోర్టుకి నీకిష్టమైంది చెప్పుకో."

కోర్టుకి నీకిష్టమైంది చెప్పుకో. ఈమె పోయినవాళ్ళ మనిషి, ఈమెకి చెప్పింది చెల్లుతుంది, రేపు బోనెక్కించి అడిగితే ఈమె ఒక్క అక్షరం తప్పకుండా చెబుతుంది, చెప్పాలి కూడా. వినపడలేదమ్మా, పాటలో తక్కువనిపించి పెంచా అంటే చాలు, అది వకీలమ్మ మాట. సైగ చేశాడమ్మా అంటే చాలు, అది ఇన్‌స్పెక్టరు మాట. రెండు మాటలూ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి, రెండూ తయారుగా ఉన్నాయి, అన్ని పండగలకీ ముందే చుట్టి పెట్టుకున్న వైరు చుట్టల్లా. గేటు వైపు చూశాడు, స్కూటరు లేదు. ఈమె రాత్రంతా మొగుడి పక్కన కళ్ళు తెరుచుకుని పడుకుంటుంది. ఒక రాత్రి కాదు. ఆ పిల్లాడు పెద్దవుతాడు, నీ తండ్రే నీ మేనమామని చంపించాడని ఊరు చెబుతుంది, ఆ ఊరికి చెప్పింది మాయాండి. మాట వదిలాక పెంచడానికేగాని తగ్గించడానికి తిప్పే నాబు ఉండదు దానికి.

"చెయ్యలేదమ్మా" అన్నాడు. "మీ ఆయన తోపుకి అటు చివరున్నాడు. బాబుని భుజాన వేసుకుని చెవులకి నూనె రాస్తున్నాడు. నా కళ్ళతో చూశా. ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. పెంచింది నేనే."

అళగుమీనా మొహంలో ఏదో వదులైంది, మరుక్షణం అంతకంటే గట్టిగా బిగుసుకుంది. ఆడపోలీసు సెల్లు మీంచి తలెత్తింది.

"ఎందుకు?"

"మీకు వినపడకూడదని."

"ఏంటి వినపడకూడదని?"

"మీ తమ్ముడు తాగి గొడవ పడుతున్నాడనుకున్నానమ్మా. పంక్తి మధ్యలో మీరు తలదించుకోవాల్సి వస్తుందని... మేం చేసే పనే అదమ్మా. ఎప్పుడూ చేసే పనే."

"మాయాండీ! లోపలికి రా" అని గదిలోంచి ఇన్‌స్పెక్టరు పిలిచాడు, తడిచేతులు తుండుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఇద్దర్నీ చూసి ఆగాడు. అతని వెనక రైటరు.

మాయాండి రెండడుగులు వేశాడు. వెనకనుంచి ఆమె అడిగింది, గట్టిగా కాదు, గట్టిగా అడిగే గొంతు ఆమెకి మిగల్లేదు.

"నన్నే పిలిచాడా అన్నా?"

అతను వెనక్కి తల తిప్పి, పూర్తిగా ఆమె వైపు తిరిగి నిలబడ్డాడు.

"మిమ్మల్నే తల్లీ. అక్కా అన్నాడు."

"ఎన్నిసార్లు?"

ఇన్‌స్పెక్టరు వింటున్నాడు, రైటరు వింటున్నాడు, ఆడపోలీసు వింటోంది.

"నేను విన్నది ఒక్కసారేనమ్మా. తర్వాతంతా పాటే."